సంతాన చికిత్సలో సూది భయం: ఏ సూది తప్పదు, దేనికి బదులుంది

పిల్లల కోసం చికిత్సకు వచ్చిన ఆడబిడ్డ డాక్టరమ్మను ఖర్చెంతని అడుగుతుంది, ఎన్ని రోజులు పడుతుందని అడుగుతుంది. తనకు సూదంటే భయమని మాత్రం చెప్పదు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే అసలే చెప్పదు. అన్నీ రాసేశాక, మందులు కొనేశాక, మొదటి సూది వేయాల్సిన సాయంత్రం ఇంజెక్షన్ గదిలో మా చేయి పట్టుకుని ఏడుస్తుంది. అప్పటికి మార్చుకోగలిగినవి సగం చేజారిపోయి ఉంటాయి. పెన్ రూపంలో వచ్చే సూదిమందు తీసుకోవాలా సీసా మందు తీసుకోవాలా, ఫలానా సూదికి బదులు మాత్ర సరిపోతుందా, ఇవన్నీ మొదట్లోనే తేల్చుకోవాల్సినవి.

నేను అనంతపురంలో నర్సును. ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని బట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఈ చికిత్సలో సూదులన్నీ ఒకటి కాదు: కొన్ని తప్పవు, కొన్నిటికి బదులుంది, కొన్ని అసలు ఎందుకని అడగాల్సినవి. భయాలూ ఒకటి కాదు. ఎవరి భయం ఏదో చూడకుండా "ఏం కాదమ్మా, ఊపిరి గట్టిగా పీల్చుకో" అని అందరికీ ఒకే మాట చెబితే కొందరికి అది పనికిరాదు, కొందరికి ఎదురు తిరుగుతుంది.

ముందు మీ భయం ఏదో చూసుకోండి

రక్తం తీసేటప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా? ఇదొక్కటి తెలిస్తే చాలా సంగతులు తేలిపోతాయి. మామూలు భయంలో గుండె దడదడా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది, అంతే. సూదికీ రక్తానికీ భయపడేవాళ్లలో కొందరికి మాత్రం మొదట బీపీ పెరిగి, వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పోస్తాయి, చెవుల్లో హోరు, కళ్లకు చీకట్లు, ఆపైన స్పృహ తప్పడం. ఇది పిరికితనం కాదు, ఒంటి తీరు. చాలా ఇళ్లలో తల్లికో అన్నకో కూడా ఉంటుంది, అడిగి చూడండి.

ఈ రకం వాళ్లకు ఒళ్లు వదులు చేసుకోమని, నెమ్మదిగా ఊపిరి తీయమని చెప్పడం సరికాదు. బీపీ పడిపోయేదే వాళ్ల సమస్య, ఒళ్లు వదిలేస్తే అది ఇంకా పడుతుంది. వీళ్లకు కావాల్సింది దానికి ఎదురు పని. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో దీనికొక పద్ధతి తయారు చేశారు. పిడికిళ్లు బిగించి, చేతులు, తొడలు, కాళ్లు కలిపి 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగబట్టాలి. ముఖంలోకి వెచ్చదనం ఎక్కుతున్నట్టు తెలిసేదాకా. తర్వాత 20, 30 సెకన్లు మామూలుగా వదలాలి, పూర్తిగా సోలిపోకూడదు. ఇలా అయిదుసార్లు. ఇంట్లో రోజూ సాధన చేసుకుని, సూది రోజు గదిలోకి రాగానే మొదలుపెట్టాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: సూది పడే చోటు మాత్రం వదులుగా ఉంచాలి. పొట్ట మీదైతే పిడికిళ్లూ కాళ్లూ బిగించండి, పిర్రకైతే చేతులు మాత్రమే. హైబీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగండి. ఈ పద్ధతి వచ్చినా సరే, పడిపోయే అలవాటు ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చుని వేయించుకోవద్దు. పడుకునే వేయించుకుంటానని చెప్పండి. ఏ నర్సూ కాదనదు.

ఇప్పటిదాకా ఎప్పుడూ పడిపోనివాళ్లు, నొప్పికే భయపడేవాళ్లు, చిన్నప్పుడు నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని సూది వేయించిన జ్ఞాపకం వదలనివాళ్లు వేరు. వీళ్లకు నెమ్మది ఊపిరి, పాటలు వినడం, పక్కవాళ్లతో మాట్లాడటం, తల తిప్పుకోవడం బాగానే పనిచేస్తాయి. పట్టుకుని వేయించిన జ్ఞాపకం ఉన్నవాళ్లకు అన్నిటికంటే పనిచేసేది ఒక హామీ: "మీరు ఊ అనేదాకా వేయను". ఆ మాట ఇవ్వని చోట వేయించుకోకండి.

ఏ సూది ఎందుకు

ఐయూఐకి, అంటే వీర్యాన్ని సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపే పద్ధతికి, సూదులు చాలా తక్కువ. లెట్రోజోల్ లాంటి మాత్రలతో గుడ్డు పెరిగితే, గుడ్డు విడుదలకు ఒక్క ట్రిగ్గర్ సూది వేస్తారు. కొందరికి అదీ లేకుండా మూత్రంతో ఇంట్లో చేసుకునే ఎల్‌హెచ్ (గుడ్డు విడుదలకు ముందు పెరిగే హార్మోన్) కిట్‌తో గుడ్డు విడుదలయ్యే రోజు పట్టుకోవచ్చు. (లెట్రోజోల్‌ను మన ప్రభుత్వం 2011లో ఈ పనికి నిషేధించింది, 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. పాత వార్త చదివి ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు.) అయితే సూదులు తక్కువని ఐయూఐ ఎంచుకోవడం అన్నివేళలా మేలు కాదు. రెండు ట్యూబులూ మూసుకుపోతే, మీ ఆయన వీర్యకణాలు మరీ తక్కువైతే, మీ వయసు ముప్పై ఏడూ ముప్పై ఎనిమిదీ దాటితే, సూది భయంతో ఐయూఐల మీద ఐయూఐలు చేయించుకుంటూ కాలం పోగొట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. వయసుతో పోయే గుడ్లు మళ్లీ రావు. భయానికి మందుంది.

ఐవీఎఫ్ (గుడ్లు బయటికి తీసి, ల్యాబ్‌లో పిండం చేసి గర్భాశయంలో పెట్టడం) అయితే గుడ్లు పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ సూదులు రోజుకొకటి, సుమారు పది పన్నెండు రోజులు. ఇవి తప్పవు. వీటికి తోడు గుడ్డు ముందే విడుదల కాకుండా ఆపే మందు ఒకటి ఉంటుంది. తేడాలన్నీ అక్కడే ఉన్నాయి. లాంగ్ ప్రొటోకాల్ అనే పద్ధతిలో ముందు నెలసరి మొదలైన 21వ రోజు నుంచే రోజూ ఒక సూది మొదలవుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ మొదలయ్యాక కూడా ఆగదు. యాంటాగనిస్ట్ ప్రొటోకాల్‌లో ఆ సూది ఎఫ్‌ఎస్‌హెచ్ మొదలైన అయిదారు రోజులకు వచ్చి, నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. భయం ఉన్నవాళ్లకు ఈ రెంటిలో యాంటాగనిస్టే నయం, సందేహం లేదు. మీ విషయంలో లాంగ్ ప్రొటోకాలే కావాలని డాక్టరు గట్టిగా చెబితే, రోజూ వేసే ఆ సూదికి బదులు ఒక్కసారే వేసే డిపో రకం కుదురుతుందేమో అడగండి.

మూడో దారి చాలామందికి తెలియదు. గుడ్డును ఆపే పని సూదికి బదులు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్ లాంటి మందు) మాత్రలతోనే చేయొచ్చు. దాంతో ఆ నాలుగైదు సూదులూ పోతాయి. కానీ ఆ మాత్రల వల్ల గర్భాశయం పొర ఆ నెల పిండానికి సిద్ధంగా ఉండదు, పిండాలన్నీ ఫ్రీజ్ చేసి తర్వాతి నెలల్లో పెట్టాలి. పీసీఓడీ ఉండి గుడ్లు ఎక్కువ వస్తాయని ఎటూ ఫ్రీజ్ చేయబోయేవాళ్లకు ఇది చక్కగా కుదురుతుంది. వెంటనే పెట్టించుకోవాలనుకునేవాళ్లకు కుదరదు.

తక్కువ డోసుతో చేసే మైల్డ్ ఐవీఎఫ్‌లో సూదులు తగ్గుతాయి, గుడ్లూ తగ్గుతాయి. గుడ్ల నిల్వను తెలిపే ఏఎంహెచ్ హార్మోన్ బాగా తక్కువున్నవాళ్లకు ఎటూ పెద్ద డోసు వల్ల అంత తేడా రాదు కాబట్టి వాళ్లు ఆలోచించొచ్చు. మిగతావాళ్లు రెండోసారి చేయించుకోవాల్సి వస్తే మొత్తం సూదులు ఎక్కువే అవుతాయి, అది లెక్కలో వేసుకోండి.

ఇక నిలదీసి అడగాల్సినవి. పిండం పెట్టాక పొట్ట మీద రోజూ వేసే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) సూది చాలాచోట్ల చీటీలో ఉంటుంది. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు అది కావాల్సిందే. ఏ జబ్బూ లేనివాళ్లందరికీ వేస్తే గర్భం నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు సెలైన్ సంగతీ అంతే. "ఇది నాకెందుకు మేడమ్?" అని అడగడం మర్యాద తప్పడం కాదు. రక్తపరీక్షలు కూడా: ఏఎంహెచ్, థైరాయిడ్, హెచ్ఐవీ, హెపటైటిస్ అన్నీ ఒక్క గుచ్చుడుతో తీయొచ్చు, మూడుసార్లు పిలవాల్సిన పని లేదు. గుడ్లు పెరిగే రోజుల్లో స్కాన్ తప్పదు. దాంతోపాటు ప్రతిసారీ హార్మోన్ రక్తపరీక్ష చేయాలా, స్కాన్ ఒక్కటే సరిపోతుందా అని అడగండి. చాలామందికి సరిపోతుంది.

పెన్నా, సీసానా

సీసా మందులో పొడి ఒకచోట, నీళ్లు ఒకచోట ఉంటాయి. కలపడానికి లావు సూది, వేయడానికి సన్న సూది. డబ్బా తెరవగానే ఆ లావు సూది చూసి గుండె జారిపోయినవాళ్లు ఎందరో. అది ఒంట్లోకి వెళ్లేది కాదని ముందే ఎవరూ చెప్పరు. పెన్‌లో ఈ గొడవ లేదు: డోసు తిప్పుకుని, చిన్న సూది తగిలించి, పొట్ట మీద ఆనించి నొక్కి, పది సెకన్లు ఉంచి తీయడమే. సూది కంటికి సరిగా ఆనదు కూడా. షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకునే పెన్ లాంటిదే ఇది.

పెన్ ఖరీదు ఎక్కువ. డబ్బు చూసుకోవాల్సినవాళ్లకు నా సలహా: సీసా మందే తీసుకోండి, కలపడం మాత్రం మీరు చూడొద్దు. ఇంకొకరు వేరే గదిలో కలిపి, సన్న సూది తగిలించి తేవాలి. మీ భయం చూపుతో ముడిపడిందైతే ఇంతమాత్రానికే ఎంతో తేడా ఉంటుంది. నొప్పితో ముడిపడిందైతే పెన్‌కూ సన్నని ఇన్సులిన్ సిరంజికీ పెద్ద తేడా లేదు, ఆ డబ్బు మిగిలించుకోవచ్చు.

ఎండాకాలం సంగతి కూడా. ఎఫ్‌ఎస్‌హెచ్ మందులు ఎక్కువ రకాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొన్ని పెన్‌లు 25 డిగ్రీల లోపు బయట కూడా నిలుస్తాయని డబ్బా మీద రాసి ఉంటుంది. అది చూసి ధైర్యపడొద్దు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో 40 దాటుతుంది, ఇంటి లోపల కూడా 25 అన్నది ఉండదు. బెంగళూరులో కొని బస్సులో తెచ్చుకునేవాళ్లు ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తేవాలి, మందు ఐస్‌కు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి. వేసేముందు కాసేపు బయటపెట్టి చల్లదనం తగ్గనివ్వండి, చల్లటి మందు ఎక్కువ మండుతుంది. స్పిరిట్ తుడిచాక అది ఆరేదాకా ఆగితే ఇంకా నయం.

ఎవరి చేత్తో

నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద ఎంపిక ఇది.

సొంతంగా వేసుకోవడం అనగానే భయమున్నవాళ్లు "అమ్మో, నావల్ల కాదు" అంటారు. కానీ ఎవరో వచ్చి ఎప్పుడు గుచ్చుతారో తెలియకపోవడమే భయమైనవాళ్లు సొంతంగా వేసుకుంటే త్వరగా కుదుటపడతారు. ఎప్పుడు, ఎంత నెమ్మదిగా అనేది వాళ్ల చేతుల్లోనే ఉంటుంది కదా. నేర్పేటప్పుడు మొదట సిరంజి సూది లేకుండా చేతికిస్తాను. తర్వాత చీనీకాయ మీద నీళ్లు ఎక్కిస్తాం. మన దగ్గర కాయలకు కొదవ లేదు, ఇంటికి తీసుకెళ్లి సాధన చేయమంటాను. కళ్లు తిరిగేవాళ్లకు మాత్రం సొంతంగా వేసుకోమని చెప్పను. ఒంటరిగా ఉన్నప్పుడు పడితే ప్రమాదం.

మీ ఆయన వేస్తే మంచిదే. ఒక్క షరతు: ముందు ఆయన్ను కూడా అడగండి, ఆయనకూ భయముందా అని. మగవాళ్లు చెప్పుకోరు. చేయి వణికే మనిషి చేత వేయించుకుంటే ఇద్దరికీ కష్టమే. ఆయనకు భయమైతే ఆ సమయానికి పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, మాటల్లో పెట్టే పని ఇవ్వండి. అది చిన్న పని కాదు.

ఉమ్మడి కుటుంబంలో ఇంకో చిక్కుంది. చికిత్స సంగతి ఇంట్లో అందరికీ తెలియకూడదనుకుంటారు. ఫ్రిజ్‌లో డబ్బా కనపడితే ప్రశ్నలు, ఏఎన్ఎం ఇంటికొస్తే వీధంతా ఆరాలు. దాపరికం వల్ల భయం రెట్టింపవుతుందని నేను గమనించాను. బాత్రూంలో తలుపేసుకుని హడావిడిగా వేసుకునేవాళ్లకు కుదురుగా కూర్చునే వీలేదీ? ఇంట్లో ఒక్కరికైనా, తోడికోడలికో ఆడబిడ్డకో చెప్పుకుని, తలుపు దగ్గర కాపలాకైనా మనిషిని పెట్టుకోండి.

కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి రోజూ బస్సెక్కి సూది కోసం టౌనుకు రావడం వల్ల అలసట తప్ప లాభం లేదు. దగ్గర్లోని పీహెచ్‌సీ లేదా కమ్యూనిటీ ఆసుపత్రి స్టాఫ్ నర్సుకు చూపించేలా మీ డాక్టరు దగ్గర మందు పేరు, డోసు, వేళ రాయించుకుని తీసుకెళ్లండి. వేళ సాయంత్రమైతే అక్కడ ఎవరూ ఉండరేమో కనుక్కుని, పొద్దున్నకు మార్చడం కుదురుతుందా అని మొదటి సూదికి ముందే అడగండి. మొదలయ్యాక రోజుకో వేళ మార్చకూడదు. ఇక ఊళ్లో ఆర్ఎంపీ. చేయి తేలికని, చిన్నప్పటి నుంచి తెలుసని చాలామంది ఆయన దగ్గరికే వెళ్తారు. జ్వరం సూదుల సంగతి నేను మాట్లాడను, ఈ మందుల్లో మాత్రం వద్దంటాను. ఒకే నీళ్ల సీసాతో రెండు మూడు పొడి సీసాలు కలపాల్సి వస్తుంది, డోసు యూనిట్లలో ఉంటుంది. పొరపాటు జరిగితే నెల మొత్తం వృథా.

ఎవరి చేత వేయించుకున్నా, రోజూ ఆ ఒక్కరే అయ్యేలా చూసుకోండి. అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరుకో, కర్నూలు వాళ్లు హైదరాబాదుకో, కడప వాళ్లు తిరుపతి, చెన్నైలకో వెళ్లినా, స్కాన్లూ సూదులూ సొంత ఊళ్లో, గుడ్లు తీయడం మాత్రం అక్కడ అని ఏర్పాటు చేసే డాక్టర్లు ఉన్నారు. తెలిసిన చేయి, తెలిసిన గది భయాన్ని బాగా తగ్గిస్తాయి.

క్రీమా, ఐసా

తిమ్మిరెక్కించే క్రీము, ప్రైలాక్స్ లాంటివి, మందుల షాపుల్లో దొరుకుతాయి. మందంగా రాసి, పైన ప్లాస్టిక్ కాగితం అతికించి గంటసేపు ఉంచాలి. అయిదు నిమిషాలు రాసి పని చేయలేదనేవాళ్లే ఎక్కువ. చర్మం పైపొరకే తిమ్మిరి, కండలోకి దిగే నొప్పికి కాదు. అందుకని రక్తం తీసేచోట, చేతికి క్యాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టేచోట క్రీము వాడమంటాను. పొట్ట మీద రోజూ వేసే సన్న సూదికి ఐస్ ముక్క గుడ్డలో చుట్టి రెండు మూడు నిమిషాలు ఆనిస్తే చాలు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగే పుట్టు లోపం) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ క్రీము వాడొద్దు. సూది దిగే క్షణంలో ఒక్కసారి దగ్గడం కూడా చాలామందికి నొప్పి తెలియకుండా చేస్తుంది.

ప్రొజెస్టిరాన్: అసలు భయం ఇక్కడే

ప్రొజెస్టిరాన్ అంటే గర్భాశయం పొరను పిండానికి సిద్ధం చేసి గర్భం నిలిపే హార్మోన్. పొట్ట సూదులు ఎలాగో దాటేసిన ఆడవాళ్లు పిర్రకు వేసే ఈ సూది దగ్గర కుంగిపోతారు. నూనెలో కలిపిన మందు, పొడుగు సూది, లోపల గడ్డలు, కూర్చోలేని నొప్పి. గర్భం నిలిస్తే పది వారాల దాకా సాగొచ్చు. అందుకే దీని గురించి ముందుగానే మాట్లాడుకోవాలి.

గుడ్లు తీసిన నెలలోనే పిండం పెడితే, యోనిలో పెట్టే జెల్లు లేదా క్యాప్సూళ్లు సూదికి ఏమాత్రం తీసిపోవు. డైడ్రోజెస్టిరాన్ మాత్రలు కూడా ఈ సందర్భంలో యోని మందుతో సమానంగా పనిచేశాయని పెద్ద పరీక్షల్లో తేలింది. ఇక్కడ పిర్ర సూది రాస్తే, మార్చమని అడగడానికి మీకు పూర్తి కారణముంది.

ఫ్రీజ్ చేసిన పిండమైతే లెక్క వేరు. మాత్రలతో గర్భాశయాన్ని సిద్ధం చేసే పద్ధతిలో యోని మందు ఒక్కటే వాడినవాళ్లకు కాన్పు దాకా చేరే అవకాశం తగ్గిందని అమెరికాలో జరిగి 2021లో వెలువడిన పరిశోధన చూపింది. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది: రోజూ యోని మందు వాడుతూ మూడు రోజులకొక పిర్ర సూది వేసుకున్నవాళ్లకు, రోజూ సూది వేసుకున్నవాళ్లకు ఫలితం ఒకటే. అంటే సూదులు మూడో వంతుకు తగ్గించుకోవచ్చు. ఈ ఒక్క మాట డాక్టరు దగ్గర ఎత్తమని నేను అందరికీ చెబుతాను. నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లకు ఇంకా మంచి దారుంది, నేచురల్ సైకిల్‌లో పెట్టించుకోవడం. మీ ఒంట్లో గుడ్డు విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ దానంతటదే వస్తుంది, బయటి మందు అవసరం బాగా తగ్గుతుంది. కాకపోతే రోజు పట్టుకోవడానికి స్కాన్‌లకు ఎక్కువసార్లు తిరగాలి. సన్న సూదితో చర్మం కింద వేసే, నీళ్లలో కలిసే ప్రొజెస్టిరాన్ కూడా ఉంది, దొరికితే పిర్ర సూది కంటే చాలా నయం.

పిర్ర సూదే తప్పకపోతే: మందు సీసాను అరచేతుల మధ్య కాసేపు వెచ్చబరచండి, నూనె పల్చబడుతుంది. బోర్లా పడుకుని కాలి బొటనవేళ్లు లోపలికి తిప్పితే కండ వదులవుతుంది. రోజుకో పక్క మార్చాలి. వేశాక మర్దన చేసి, కాపడం పెట్టి, నాలుగడుగులు నడవండి. కొన్ని మందులు వేరుశనగ నూనెలో, కొన్ని నువ్వుల నూనెలో తయారవుతాయి. వేరుశనగే పండే జిల్లా మనది, అయినా బుడ్డలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు మన మధ్యా ఉన్నారు. అలాంటివాళ్లు ముందే చెప్పాలి.

భయానికే చికిత్స చేయించుకోవాలా

ఇంటి చిట్కాలతో సర్దుకునేవాళ్లు సర్దుకుంటారు. సూది తలుచుకుని నిద్ర పట్టనివాళ్లు, దానికోసమే చికిత్స వాయిదా వేస్తున్నవాళ్లు సైకాలజిస్టును కలవాలి. మొదట సూది బొమ్మ, తర్వాత సిరంజి, తర్వాత సూది చర్మానికి ఆనించడం, ఇలా మెట్టు మెట్టుగా అలవాటు చేస్తారు. కొద్ది సిట్టింగుల్లోనే మార్పు కనపడుతుంది. సూదులు మొదలయ్యే నెల కంటే ముందు నెలలో వెళ్తే సాధనకు సమయం దొరుకుతుంది. సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐవీఎఫ్ సెంటరు దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి. ఆ కౌన్సెలింగ్‌లో ఈ సంగతి మాట్లాడండి. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎక్కడికీ వెళ్లలేనివాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆందోళన తగ్గించే మాత్ర వేసుకుని రోజూ సూది వేయించుకుందామనే ఆలోచన నాకు నచ్చదు. ఆ పూటకు మత్తుగా ఉంటుంది, మర్నాటికి భయం అలాగే ఉంటుంది. ఎవరికో రాసిన మాత్రలు షాపులో కొని అసలే వేసుకోవద్దు.

ఒక్క సూది విషయంలో మాత్రం ఏ మినహాయింపూ అడగకండి: ట్రిగ్గర్. అది వేసిన 34 నుంచి 36 గంటలకు గుడ్లు తీస్తారు కాబట్టి రాత్రి పదిన్నర అంటే పదిన్నరే. భయంతో గంట ఆలస్యమైతే ఆ గంట మీ డాక్టరుకు చెప్పి తీరాలి. ఆ రాత్రికి వేసే మనిషిని, వాళ్లు రాకపోతే ఇంకో మనిషిని ముందే చూసి పెట్టుకోండి. గుడ్లు తీసే రోజు చేతికి క్యాన్యులా పెడతారు, మత్తు దానిలోంచే ఇస్తారు, ఆ తర్వాత జరిగేది మీకు తెలియదు. ఆ క్యాన్యులా కోసం గంట ముందు రెండు చేతులకూ క్రీము రాయించమని, పడుకోబెట్టి పెట్టమని ముందు రోజే మత్తు డాక్టరుకు చెప్పండి.